కొత్త సీలు వేసినా గాలి పీల్చిన యెజ్డీ

వేడెక్కగానే ఇంజను పట్టేసే (పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయే) పాత టూ స్ట్రోక్ బండ్లు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. చాలావాటిలో కారణం త్వరగానే తేలిపోతుంది. ఈ బండిలో తేలలేదు. దోషం ఉన్న చోట అప్పటికే కొత్త సామాను వేసి ఉండటమే దానికి కారణం. "అది మార్చేశాంగా" అనే మాట దగ్గర ప్రతి మెకానిక్కూ ఆగిపోయాడు. ఇంటి దగ్గరే పాత బండిని నిలబెట్టుకోవాలనుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. యజమాని అనుమతి ఉంది. పేరు, కాలనీ, నంబరు వంటివి ఇవ్వడం లేదు.

బండి నేపథ్యం

1980ల మొదట్లో విజయవాడలో ఒక ఉద్యోగి కొన్న యెజ్డీ 250 ఇది. ఇరవై ఏళ్లకు పైగా ఆఫీసుకీ, బజారుకీ, ఊరికీ దాని మీదే తిరిగారు. ఆయన పోయాక బండి మెట్ల కింద చేరింది. కొడుకు ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉండిపోయాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు ఈ ఇంటి కింది అంతస్తు కూడా మునిగింది. బండి రోజుల తరబడి బురద నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక ఇంట్లో ముందు మంచాలు, ఫ్రిజ్, బియ్యం డబ్బాలు చూసుకున్నారు. బండి సంగతి ఎవరికీ పట్టలేదు, పట్టే పరిస్థితీ కాదు. దాంతో ఇంజనులోకి వెళ్లిన నీళ్లు అక్కడే నిలిచి, అక్కడే ఇంకిపోయాయి.

తర్వాత కొడుకు దాన్ని ఒక వర్క్‌షాపులో ఇచ్చాడు. పెయింటు, నికెల్, స్పోకులు, సీటు, ఇంజను పని అన్నీ చేయించాడు. నా దగ్గరికి 2025 వేసవిలో వచ్చేటప్పటికి బండి చూడటానికి షోరూములోంచి తెచ్చినట్టే ఉంది.

వచ్చినప్పటి ఫిర్యాదు

చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు కిక్కులకే స్టార్టవుతుంది. ఐడ్లింగు బాగుంటుంది. కొన్ని కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతుంటే ఐడ్లింగు దానంతటదే పైకి లేస్తుంది, ఎక్సలేటర్ వదిలేసినా వెంటనే దిగదు. బ్యారేజీ దాటి మంగళగిరి వైపు కాస్త లాగితే పికప్పు చచ్చిపోతుంది. ఇంకా లాగితే వెనక చక్రం కీచుమని ఆగిపోతుంది. చెట్టు కింద కాసేపు ఉంచితే మళ్లీ స్టార్టవుతుంది.

అప్పటికే రెండుసార్లు బోరు చేయించారు, అంటే సిలిండర్ లోపలి గోడని అరగదీసి కాస్త పెద్ద పిస్టన్ వేయించారు. రెండోసారి పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య ఇంకాస్త ఎక్కువ గ్యాప్ ఇచ్చారు. కార్బొరేటర్ కొత్తది, కాయిలు కొత్తది, కండెన్సరు కొత్తది, క్రాంకు షాఫ్టు రెండు చివర్లా గాలి రాకుండా ఆపే రబ్బరు సీళ్లు రెండూ కొత్తవి. అన్నింటికీ బిల్లులున్నాయి. ఇంకోసారి బోరు చేయిద్దామని మెకానిక్ అన్నాడట. ఓవర్‌సైజు పిస్టన్లు కొంతవరకే దొరుకుతాయి. బోరు అయిన కొద్దీ సిలిండర్ గోడ పలచబడిపోతుంది. యెజ్డీలు తయారుచేసిన ఐడియల్ జావా వారి మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది కాబట్టి మంచి సిలిండర్ దొరకడమే కష్టం. 2022లో మళ్లీ వచ్చిన యెజ్డీ పూర్తిగా వేరే ఇంజను. అది ఫోర్ స్ట్రోక్, దాని సామాను దీనికి ఎక్కదు. అందుకే కారణం తేలేదాకా బోరింగు మిషను దగ్గరికి పోవద్దని ముందే చెప్పాను.

పిస్టన్ చెప్పిన సంగతి

హెడ్డు, సిలిండర్ విప్పి పిస్టన్‌ని వెలుతురులో తిప్పి చూశాను. పట్టేసిన ఇంజనులో గీతలు ఎక్కడ పడ్డాయన్నది ముఖ్యం. పిస్టన్ మరీ బిగుతుగా ఉన్నా, చల్లని ఇంజనుని స్టార్టు చేసిన వెంటనే గట్టిగా లాగినా, చుట్టూ నాలుగు చోట్ల నిలువు మరకలు పడతాయి. ఈ పిస్టన్‌కి గీతలు సైలెన్సరు పోర్టుల వైపు మాత్రమే ఉన్నాయి. మిగతా చుట్టూ లేత్ మీద తిప్పిన సన్న గీతలు కూడా చెరగలేదు. ప్లగ్గు పింగాణీ సున్నంలా తెల్లగా ఉంది.

అంటే గ్యాప్ తక్కువై పట్టేయడం లేదు. లోపల వేడి మితిమీరి, ఉన్న ఆయిలు పొర ఆవిరై పట్టేస్తోంది. ఆ వేడికి నాలుగు దారులున్నాయి. పెట్రోలులో ఆయిలు తక్కువ కావడం, స్పార్కు టైమింగ్ ముందుకు జరగడం, కార్బొరేటర్ పెట్రోలు తక్కువ ఇవ్వడం, లేదా కార్బొరేటర్‌తో పనిలేకుండా ఇంకెక్కడినుంచో గాలి లోపలికి రావడం. రెండోసారి బోరు చేసినప్పుడు ఈ నాలుగింట్లో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. గ్యాప్ పెంచడం వల్ల పట్టేయడం కొన్ని కిలోమీటర్లు వాయిదా పడింది, అంతే.

ఒక్కోసారి ఒక్కటే మార్చాం

ఆయిలు సంగతి ముందు చూశాను. ఈ బండికి ఆయిలు పంపు లేదు, ట్యాంకులోనే కలపాలి. యజమాని లీటరుకు 40 మిల్లీలీటర్లు కొలిచి కలుపుతున్నాడు. అది సరిపోతుంది. స్పార్కు పుట్టించే పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకు పెట్టి, ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజీ దించి టైమింగ్ చూశాను. అదీ ఉండాల్సిన చోటే ఉంది. వేడెక్కాక మొరాయించే కండెన్సర్లు ఉంటాయి కాబట్టి నా దగ్గరున్న మంచి కండెన్సరు పెట్టి నడిపాం. తేడా లేదు.

కార్బొరేటర్ దగ్గర కొంచెం ఎక్కువ ఆగాను. వేసింది నకలు. ఫ్లోటు లెవెలు నిలకడగా లేదు. అదృష్టవశాత్తూ పాత జికోవ్ కంపెనీ కార్బొరేటర్ని యజమాని వాళ్లమ్మగారు పారేయకుండా డబ్బాలో దాచారు. దాన్ని విప్పి, జెట్లు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు) ఊది, కొత్త ప్యాకింగులు వేసి ఎక్కించాను. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాను. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. ఇథనాల్ మండటానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. అందువల్ల అప్పటి జెట్లతో ఇప్పటి పెట్రోలు పోస్తే మిక్చర్ (పెట్రోలు, గాలి కలిసినది) ఇంకాస్త పలచనవుతుంది, అంటే గాలి పాలు పెరుగుతుంది. జెట్టు పెంచాక బండి ఇదివరకటి కంటే ఎక్కువ దూరం నడిచింది, కానీ చివరికి అదే జబ్బు. పికప్పు పోతున్న సమయంలో చోకు కొద్దిగా లాగితే తేరుకుంటోంది.

చోకుకి తేరుకోవడం మంచి ఆధారం. పెట్రోలు ఎక్కువ ఇస్తే ఊరట కలుగుతోందంటే లోపల గాలి ఎక్కువైనట్టే. ఇంకా జెట్టు పెంచుకుంటూ పోతే వేడి మీద నడుస్తుందేమో గాని చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు తడిసిపోతుంది. రోగం వేడికే కనిపిస్తోంది కాబట్టి, వేడికి తెరుచుకునే సందు ఎక్కడో ఉండాలి. ఇన్‌లెట్ ప్యాకింగు దగ్గర క్లీనర్ స్ప్రే కొట్టి చూశాను, ఐడ్లింగు మారలేదు. ఇక మిగిలింది క్రాంకు తిరిగే పెట్టె, అంటే క్రాంకు కేసు.

సీళ్లు ఎందుకు అంత ముఖ్యం

ఫోర్ స్ట్రోక్ బండ్లకి అలవాటుపడ్డ కుర్ర మెకానిక్కులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. టూ స్ట్రోక్‌లో క్రాంకు కేసు కేవలం పెట్టె కాదు, అది పంపు. పిస్టన్ పైకి పోతే అక్కడ వాక్యూమ్ ఏర్పడి కార్బొరేటర్ నుంచి మిక్చర్‌ని లాగుతుంది. కిందికి వస్తే ఆ మిక్చర్‌ని నొక్కి పోర్టుల ద్వారా పైకి తోస్తుంది. క్రాంకు రెండు చివర్లా ఉన్న సీళ్లలో ఏది గాలి వదిలినా, వాషరు అరిగిన చేతిపంపు నీళ్లెత్తినట్టే ఉంటుంది.

యెజ్డీలో ఎడమవైపు ప్రైమరీ చైను, క్లచ్చు ఆయిల్లో ఉంటాయి. ఆ సీలు పోతే ఇంజను ఆ ఆయిల్నే పీలుస్తుంది. సైలెన్సర్ల నుంచి తెల్లగా పొగ వస్తుంది, గేర్ ఆయిలు తగ్గిపోతుంది. కంటికి కనిపించే జబ్బు అది. కుడివైపు డైనమో ఉంటుంది, అక్కడ ఆయిలు లేదు. ఆ సీలు పోతే పీల్చేది గాలిని. పొగ రాదు, కారుడు ఉండదు, ప్లగ్గు తెల్లబడటం తప్ప కంటికి కనిపించే గుర్తేదీ ఉండదు. ఈ బండిలో పొగ లేదు, గేర్ ఆయిలు తగ్గలేదు. కాబట్టి అనుమానం కుడివైపుకే పోయింది. యజమానికి చెబితే "అన్నా, ఆ సీలు కొత్తదే, బిల్లు కూడా ఉంది" అన్నాడు. బిల్లు చూశాను, నిజమే. అయినా పరీక్ష చేయాల్సిందేనన్నాను. బిల్లు చూపించేది సీలు కొన్నారని. అది గాలిని ఆపుతోందో లేదో పరీక్ష పెడితేనే తెలుస్తుంది.

బీపీ మిషనుతో పరీక్ష

దీనికి ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. పాత బీపీ మిషను తీసుకున్నాను, గుండ్రటి డయలు ఉన్నది. డయలు మీద 300 అంటే దాదాపు 6 పీఎస్ఐ. ఈ పరీక్షకి సరిగ్గా అంతే కావాలి. అంతకు మించితే మంచి సీలు కూడా బయటికి జరిగే ప్రమాదం ఉంది.

రెండు సైలెన్సర్ పైపులూ విప్పి, ఆ పోర్టులకి ట్యూబు రబ్బరు ముక్కలు పెట్టి, రేకు పట్టీలు, క్లిప్పులతో బిగించాను. కార్బొరేటర్ తీసి ఆ చోటునీ అలాగే మూసేశాను. ఒక పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, ఆ ఇనప బాడీలో సన్నని ఇత్తడి గొట్టం బ్రేజింగు చేయించుకున్నాను. దాన్ని ప్లగ్గు రంధ్రంలో బిగించి బీపీ మిషను ట్యూబు తగిలించాను. పిస్టన్ పూర్తిగా కింద ఉండాలి. అప్పుడే పోర్టులు తెరుచుకుని, పైనుంచి ఇచ్చిన గాలి క్రాంకు కేసులోకి పోతుంది.

బుడ్డ నొక్కితే ముల్లు 300కి వెళ్లింది. చేయి తీయగానే దిగడం మొదలైంది. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు సున్నాకి వచ్చేసింది. బాగున్న ఇంజనులో నిమిషానికి 50కి మించి పడకూడదని నా లెక్క. డైనమో విప్పి, సబ్బు నీళ్లు బ్రష్షుతో పూసి మళ్లీ గాలి కొట్టాను. హెడ్డు ప్యాకింగు దగ్గర ఏమీ లేదు. సిలిండర్ కింది ప్యాకింగు దగ్గర ఏమీ లేదు. కేసు జాయింటు పొడిగా ఉంది. కుడివైపు కొత్త సీలు లిప్పు (షాఫ్టుకి ఆనే రబ్బరు అంచు) దగ్గర, షాఫ్టుకి కింది అంచున, ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. పక్కనే కూర్చున్న యజమాని వంగి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సీలు కింద షాఫ్టు

సీలు తీసి చూస్తే దాంట్లో తప్పేమీ లేదు. రబ్బరు మెత్తగానే ఉంది, స్ప్రింగు ఉంది. లిప్పు ఆనే చోట షాఫ్టు మీద మాత్రం నల్లటి పట్టీలా తుప్పు తిన్న గుంటలున్నాయి. గోరుతో గీస్తే తగులుతున్నాయి. వరద బురద పాత సీలుకీ షాఫ్టుకీ మధ్య చిక్కుకుని, నెలల తరబడి తడిగా ఉండి, అక్కడే ఇనుముని తినేసింది. పాత సీలు తీసి కొత్తది వేసినవాళ్లు షాఫ్టుని గుడ్డతో తుడిచి ఊరుకున్నారు. ఆ గుంటల మీద ఏ కంపెనీ సీలు వేసినా గాలి ఆగదు. చల్లగా ఉన్నప్పుడు కొంత ఆగుతుంది, వేడికి రబ్బరు మెత్తబడి పట్టు సడలగానే సందు పెరుగుతుంది.

మొదట తేలిక పద్ధతే చూశాం. సన్నటి ఎమరీ కాగితంతో షాఫ్టుని పాలిష్ చేసి, ఇంకో కొత్త సీలు వేశాం. చల్లగా పరీక్షిస్తే ముల్లు చాలాసేపు నిలబడింది. అక్కడితో బిగించేస్తే పని అయిపోయిందనిపించేది. రోగం వేడిది కాబట్టి పరీక్షా వేడి మీదే జరగాలని హాట్ ఎయిర్ గన్‌తో కేసుని వెచ్చబెట్టి మళ్లీ గాలి కొట్టాం. ముల్లు జారిపోయింది. పాలిష్‌తో అంచులు నునుపయ్యాయి గాని గుంటల లోతు పోలేదు. లోతు పోయేదాకా అరగదీస్తే షాఫ్టే సన్నబడి సీలు వదులవుతుంది.

ఇక క్రాంకు బయటికి తీయక తప్పలేదు. దీనికి ఇంకో కారణమూ ఉంది. సీలు దగ్గర తుప్పు అంత ఉంటే, పక్కనే ఉన్న బేరింగు బాగుంటుందని నమ్మడానికి లేదు. కేసు విడదీశాక బేరింగుని వేళ్లతో తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలింది. అది పాత బేరింగే. కొత్తవి సి3 క్లియరెన్సువి, అంటే లోపల కాస్త ఎక్కువ సందు ఉన్నవి, తెప్పించాను. టూ స్ట్రోక్ క్రాంకు వేడికి మామూలు బేరింగు బిగుసుకుపోతుంది. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) వదులుగా ఆడటం లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. బాగున్న ప్రెస్‌ఫిట్ (ప్రెస్సుతో నొక్కి బిగించిన) క్రాంకుని విడదీసి మళ్లీ సూటిగా కూర్చడం అనవసరపు సాహసం.

షాఫ్టుకి మూడు మార్గాలున్నాయి. మెటల్ స్ప్రే చేయించి గ్రైండింగు చేయించడం, పలచని స్టీలు తొడుగు వేయడం, సీలుని కొద్దిగా పక్కకి జరిపి లిప్పు కొత్త చోట ఆనేలా చేయడం. మెటల్ స్ప్రే ఆటోనగర్‌లో చేయించవచ్చు గాని ఇంత చిన్న షాఫ్టు మీద ఆ వేడికి వంపు వస్తుందని భయపడ్డాను. ఈ కొలతకి తొడుగు దొరకలేదు. సీలు కూర్చునే గూడులో లోతు ఉందో లేదో కొలిచి చూస్తే, దాదాపు 2 మిల్లీమీటర్లు జరిపే చోటుంది. గుంటల పట్టీ అంతకంటే సన్నం. లేత్ మేస్త్రి చేత అంత మందం అల్యూమినియం రింగు తిప్పించి సీలు వెనక పెట్టాం. లిప్పు ఇప్పుడు మచ్చలేని ఇనుము మీద ఆనుతోంది.

బేరింగులు ఎక్కించడం ఇంట్లోనే చేశాం. కేసుని పాత దోసె పెనం మీద, మధ్యలో రేకు పెట్టి, సన్నటి మంట మీద నీటి చుక్క చురుక్కుమనే దాకా వేడిచేశాం. బేరింగులు ముందురోజు రాత్రి ఫ్రిజ్ పై అరలో పెట్టినవి. సుత్తి దెబ్బ లేకుండా జారి కూర్చున్నాయి. ఆటోనగర్ నుంచి తెచ్చిన మంచి పిస్టన్ వేసి, మళ్లీ అదే పరీక్ష చేశాను. అయిదు నిమిషాల తర్వాత ముల్లు 270 దగ్గర ఉంది. వేడిచేసి చూసినా అంతే. ఒత్తిడికి ఆగిన సీలు వాక్యూమ్‌కి ఆగకపోవచ్చు కాబట్టి, చేతి వాక్యూమ్ పంపు పెట్టి అదీ చూశాకే డైనమో బిగించాను.

ట్యాంకు

ఇంతకుముందు వర్క్‌షాపులో ట్యాంకు లోపల సీలర్ పోశారు. ఇప్పటి పెట్రోలుకి అది పొరలు పొరలుగా లేచి ట్యాపు జాలీలో చిక్కుతోంది. థిన్నర్‌తో దాన్ని పూర్తిగా కరిగించి తీశాం. తుప్పుకి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి నింపి, మర్నాటిదాకా ఉంచి, తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, టూ టీ (టూ స్ట్రోక్) ఆయిలు కలిపిన పెట్రోలు పోసి అన్ని వైపులా తిప్పాం. మళ్లీ సీలర్ వేయలేదు. ట్యాంకుని సగం ఖాళీగా నెలల తరబడి ఉంచకపోవడమే దానికి రక్షణ. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఆ నీరు అడుక్కి చేరుతుంది.

రూపం మార్చాలన్న కోరిక

ఇంజను కుదురుకున్నాక యజమాని అసలు కోరిక బయటపెట్టాడు. వెనక ఫ్రేము కోసి, చిన్న సీటు పెట్టి, పొట్టి మడ్‌గార్డుతో స్క్రాంబ్లర్‌లా చేయించాలని. ఫోన్లో బొమ్మలు చూపించాడు. బండి ఆయనది, ముచ్చటా ఆయనదే. అయినా ఫ్రేము కోయనని చెప్పాను.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకీ కంపెనీ ఇచ్చిన రూపానికీ భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. పైగా ఈ బండి ఆర్సీ తండ్రి పేరు మీదే ఉంది, పదిహేనేళ్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ముందు వారసుడి పేరుకి మార్చడానికి ఫారం 31, తర్వాత అయిదేళ్ల రెన్యువల్‌కి ఫారం 25, దానికోసం బండిని తనిఖీకి చూపించాలి. కోసిన ఫ్రేముతో అక్కడికి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు, "వీఏ" అక్షరాల నంబరు సంగతి కూడా అడిగాడు. అవి యాభై ఏళ్లు దాటిన బండ్లకి. దీనికి ఇంకా ఆ వయసు రాలేదు. వచ్చినా, ఆ నంబరు తీసుకున్న బండి మీద రోజూ ఆఫీసుకి పోవడానికి లేదు.

చట్టం ఒక్కటే కాదు. వాళ్లమ్మగారు టీ ఇస్తూ, "తమ్ముడూ, సీటు మాత్రం పొడుగుదే ఉంచు. మా ఇద్దరి మధ్యలో వీణ్ణి కూర్చోబెట్టుకునే ఆ సీటు మీదే తిరిగాం" అన్నారు. నాకైతే ఆ మాటతోనే తేలిపోయింది. విప్పేస్తే మళ్లీ పాత రూపం వచ్చేవే చేద్దామని ఒప్పందం చేసుకున్నాం. హ్యాండిల్ కాస్త వెడల్పుది, బోల్టులతో బిగించేది. సీటు పొడవు అదే, ఫోము కొత్తది, పైన ముదురు గోధుమరంగు రెగ్జిన్. ట్యాంకు మీద మెరిసే స్టిక్కర్లు తీసేసి, లారీలకి రంగులు వేసే ఆటోనగర్ ఆర్టిస్టు చేత బంగారు రంగు గీతలు చేత్తో వేయించాం. ఆయన కుంచె పట్టుకుని ఊపిరి బిగబట్టి ట్యాంకు వంపు మీద ఒకే లాగులో గీత దింపాడు. తీసేసిన పాత హ్యాండిల్‌ని గ్రీజు రాసి, గోనెగుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టించాను.

ఈ కేసు తర్వాత నా పనిలో మారిన వరస

వరదలో మునిగిన టూ స్ట్రోక్ బండి ఏది వచ్చినా ఇప్పుడు పెయింటు మాట చివరికి. మొదట బీపీ మిషను పరీక్ష, చల్లగా ఒకసారి, వేడి మీద ఒకసారి. సీలు మార్చేటప్పుడు షాఫ్టుని గోరుతో చూడటం తప్పనిసరి. కుర్రాళ్లకి కూడా చూపించి చేయిస్తున్నాను. పట్టేసిన పిస్టన్‌ని బోరింగు షాపుకి పంపేముందు గీతలు ఎటువైపు ఉన్నాయో ఫొటో తీసి పెట్టుకుంటున్నాం. బండి తెచ్చినవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, నీళ్లలో మునిగిన ఇంజనుని ఆ వారంలోనే విప్పించండని. ప్లగ్గు తీసి ఆయిలు పోసి కిక్కు కొట్టి ఊరుకుంటే పిస్టన్ ఆడుతుంది గాని సీలు కింద చేరిన తేమ పోదు.

బండి ఇప్పుడు బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో ఆగినా ఐడ్లింగు లేవడం లేదు. మంగళగిరి దాకా లాగి వచ్చాక ప్లగ్గు తీసి చూస్తే పింగాణీ లేత గోధుమరంగులో ఉంది. పేరు మార్పు అర్జీ పెట్టారు, అది తేలాక రెన్యువల్ తనిఖీకి వెళ్లాలి. ఎడమ సీలు ప్రస్తుతానికి బాగుంది. గేర్ ఆయిలు నెలకోసారి చూసుకోమనీ, అది తగ్గినా, సైలెన్సర్లలో తెల్ల పొగ కనిపించినా ఇంకెక్కడా విప్పించకుండా నేరుగా తీసుకురమ్మనీ చెప్పాను.